తెరమీద తొలి నాయిక, మన జిల్లా చిందు ఎల్లమ్మ



నటీమణుల జీవితాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను అడిగారు. సినిమాతారల సంగతులు మీకు నాకంటే బాగానే తెలుసు. ఎవరి పెళ్ళి ఎప్పుడయిందో, ఎవరికి ఎందరు పిల్లలో మన వంటిళ్ళల్లో తెలియనిదెవరికి? అందుకని నేను ఆ జోలికి పోవడంలేదు. నాటకాలవాళ్ళ సంగతి ఎత్తుకుంటాను. దానికి మా ఇంటి కారణం ఒకటి వుంది. ముందు అది చెబుతాను.

పోయిన నెల కామారెడ్డిలో మా మేనకోడలింటికి వెళ్ళాను. దాని కూతురు కాలేజీలో నాటకానికి పేరిచ్చి వచ్చింది. ద్రౌపది వేషమట. పిల్ల సంబరంగా చెబుతూ వుంటే, చేటలో బియ్యం చెరుగుతున్న నాయనమ్మ చెయ్యి ఆపకుండానే తీర్పు చెప్పేసింది. "మనింటి ఆడపిల్ల నాటకాలాడుడేంది? రేపు సంబంధానికొచ్చినోళ్ళు అడిగితే ఏం చెప్తం?" అని. ఆ సాయంత్రం ఏడు కొట్టేసరికి ఆవిడే టీవీ ముందు కూచుని తొమ్మిదిన్నర దాకా లేవలేదు. వరసగా సీరియళ్ళు. అందులో కథానాయిక ఏడిస్తే ఈవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మేనకోడలు నా వంక చూసి నవ్వింది గాని, పెద్దావిడ ఎదుట నోరు విప్పలేదు.

ఆవిణ్ణి నేను తప్పు పట్టను. ఆ మాట మా అమ్మమ్మా అన్నదే, మా అమ్మా అన్నదే. "నాటకాలాడకు" అంటే అబద్ధాలాడకు అని గదా మనకు అర్థం! "ఆటకత్తె" అన్న చక్కని మాటను తిట్టు చేసిపెట్టుకున్నాం.

మా నాన్నగారిది కామారెడ్డి, అమ్మ పుట్టిల్లు ఎల్లారెడ్డి. అప్పుడు రెండూ నిజామాబాదు జిల్లాలోవే. కామారెడ్డి విడి జిల్లా అయింది 2016లో. నా చిన్నతనంలో నేను రెండు రకాల నాటకాలు చూశాను. చూశాను అనగూడదేమో, ఒకటి చూశాను, ఒకటి విన్నాను.

కామారెడ్డి మార్కెట్టుకు బెల్లం బండ్లు వచ్చే రోజుల్లో ఊళ్ళో నాలుగు డబ్బులు ఆడేవి. ఆ అదను చూసుకుని ఒక నాటకాల కంపెనీ వచ్చి డేరా వేసింది. నేల, బెంచి, కుర్చీ అని టికెట్లు. ఆడవాళ్ళకు ఒక పక్కన తాడు కట్టి వేరే చోటు. మేము వెళ్ళిననాడు మాయాబజారు ఆడారు. ఘటోత్కచుడు గాలిలో తేలుతూ వచ్చాడు, పిల్లలం కెవ్వుమన్నాం. కాని నాకు బాగా గుర్తున్నది అది కాదు. శశిరేఖ వేషం వేసినావిడ మర్నాడు పొద్దున్న మా వీధి బావి దగ్గర కనిపించింది. చంకన చంటిపిల్లవాడు, చేతిలో చేంతాడు. రాత్రి చూసిన జరీచీర లేదు. చెవుల వెనక మాత్రం రంగు ఇంకా కొంచెం మిగిలివుంది. మా అమ్మ ఆవిణ్ణి తేరిపార చూసి, "మనలెక్కనే వున్నది" అంది. ఎంత ఆశ్చర్యపోతూ అందో!

ఎల్లారెడ్డి ఆట వేరు. పోచారం నీళ్ళ కింద వరికోతలయి, కల్లాలు ముగిశాక చిందువాళ్ళు వచ్చేవారు. వాళ్ళ ఆట ఊరికి ఆ చివర, మాదిగవాడలో. టికెట్టు లేదు, డేరా లేదు. ఆ రాత్రి మా అమ్మమ్మ పెందలాడే అన్నాలు పెట్టి, తలుపు గడియ వేసి, మమ్మల్ని లోపలింట్లో పడుకోబెట్టేది. "అటు దిక్కు పోవద్దు బిడ్డా" అనేది. ఎందుకు పోవద్దో మాత్రం చెప్పేది కాదు. మద్దెల, తాళాలు, వాటి మీదుగా ఒక ఆడగొంతు, గోడలు దాటి రాత్రంతా వస్తూనే వుండేవి.

డేరాలో ఆడినదీ ఆడవాళ్ళే, ఆ వాడలో ఆడినదీ ఆడవాళ్ళే. ఈ రెండు రకాల వాళ్ళలోంచి ఒక్కొక్కరి సంగతి చెబుతాను.

మొదటావిడ సురభి కమలాబాయి. తెలుగు టాకీలలో మొట్టమొదటి కథానాయిక. సురభి అన్నది కడప జిల్లాలో ఒక ఊరి పేరు. మహారాష్ట్రం వైపు నుంచి వచ్చి, తోలుబొమ్మలాట ఆడుకుని బతికే కుటుంబాలు ఆ ప్రాంతంలో వుండేవి. 1885లో ఆ ఊళ్ళో వనారస గోవిందరావు గారి కుటుంబంవాళ్ళు బొమ్మలకు బదులు మనుషులే వేషాలు కట్టి కీచకవధ ఆడారు. అదే సురభి నాటకానికి మొదలు. తోలుబొమ్మలాటలో తెర వెనక పాడే గొంతుల్లో ఆడవాళ్ళ గొంతులూ వుంటాయి. అందుకే కాబోలు, మనుషులు తెర ముందుకు వచ్చినప్పుడు ఆడవేషం ఆడవాళ్ళే కట్టడం వాళ్ళకు వింతగా తోచలేదు.

మిగతా చోట్ల అలా కాదు. పెద్ద పెద్ద నాటక సమాజాల్లో సత్యభామయినా చింతామణి అయినా మగవారే. స్థానం నరసింహారావు గారు సత్యభామగా నడిచివస్తే ఆడవాళ్ళే నివ్వెరపోయి చూశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన విద్యను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కాని ఆడదానిగా నటించిన మగవాడికి సన్మానం జరుగుతున్న కాలంలో, ఆడదే ఆడదానిగా నటిస్తే "కంపెనీ మనిషి" అని మొహం తిప్పుకున్నాం. అది కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

కమలాబాయి పుట్టినది 1907, 1908 ప్రాంతంలో. ఆమె తల్లి దమయంతి వేషంలో వుండగా నొప్పులు వచ్చి, తెర దించి, రంగస్థలం మీదే ఈమెను కన్నదని సురభి కుటుంబాలు చెప్పుకునే కథ. అందరూ ఆ బిడ్డ అదృష్టాన్ని మెచ్చుకుంటారు. నాకయితే ఆ కథ విన్నప్పుడల్లా తల్లే గుర్తుకొస్తుంది. నెలలు నిండిన మనిషి దమయంతి కట్టి నిలబడిందంటే, ఆ పూట నిలబడకపోతే జరగదనే గదా! నొప్పులు వచ్చేదాకా పిండి రుబ్బినవాళ్ళు మన ఇళ్ళల్లోనూ వున్నారు.

సురభివాళ్ళ డేరాలో ఉద్యోగం, సంసారం అని రెండు లేవు. ఊయలలోని పసిపిల్ల కృష్ణుడవుతుంది. కొంచెం ఎదిగితే ప్రహ్లాదుడు, లవుడో కుశుడో. గొంతు కుదిరి, ఒడ్డు పొడుగు వచ్చాక నాయిక. నడుము లావెక్కాక యశోద, కైకేయి. పళ్ళు కదిలే వయసుకు తెర పక్కన నిలబడి పిల్లలకు మాట అందిస్తుంది, లేదా లోపల పొయ్యి దగ్గర ఇరవై ముప్ఫై మందికి వండుతుంది. మధ్యలో చీరలకు జరీ కుట్టడం, కిరీటాలకు కాగితం అంటించడం. కమలాబాయి కూడా ఈ మెట్లన్నీ ఎక్కివచ్చిందే. చిన్నప్పుడు మగపిల్లల వేషాలు వేసింది. పెద్దయ్యాక నాయిక అయినా, మగవేషం అవసరమయితే అదీ కట్టింది. ఆమె ఏ బడిలోనూ నటన నేర్చుకోలేదు. ఆమె బడి ఆ డేరాయే.

ఇక్కడ గొంతు సంగతి ఒక్కటి చెప్పాలి. ఆ రోజుల్లో డేరాల్లో మైకులు లేవు. హార్మోనియం మోగుతుంటే, పల్లీలు అమ్మేవాడు అరుస్తుంటే, నేల టికెట్టు వాళ్ళలో చిట్టచివర కూచున్న మనిషికి పద్యం వినబడాలి. విన్నవాళ్ళు "వన్స్ మోర్" అంటే చనిపోయి పడివున్న పాత్ర కూడా లేచి మళ్ళీ పాడాలి. రాత్రి పదింటికి మొదలయి తెల్లవారుజాముకు ముగిసే ఆట. మర్నాడు మళ్ళీ ఆట. మన పిల్లకు కాస్త దగ్గు వస్తే మిరియాల పాలు కాచి రెండు రోజులు మాట్లాడనివ్వం!

1931 మార్చిలో బొంబాయిలో అర్దేషిర్ ఇరానీ తీసిన "ఆలం ఆరా" విడుదలయి, బొమ్మలు మాట్లాడడం మొదలయింది. ఆయన దగ్గరే పనిచేస్తున్న హెచ్. ఎం. రెడ్డిగారికి తెలుగులో టాకీ తీసే పని అప్పగించారు. పూర్తిగా తెలుగులో మాట్లాడి పాడగల ఆడవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? సురభిలో దొరుకుతారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారి "భక్త ప్రహ్లాద" నాటకం సురభివాళ్ళకు కొట్టినపిండి. ఆ నాటకాన్నే ఆ నటుల్నే బొంబాయికి తీసుకుపోయి సినిమా తీశారు. మునిపల్లె సుబ్బయ్యగారు హిరణ్యకశిపుడు, కమలాబాయి లీలావతి, సింధూరి కృష్ణారావు అనే చిన్న పిల్లవాడు ప్రహ్లాదుడు. పాటలు రాసినాయన మన తెలంగాణావారే, ఖమ్మం వైపు జక్కేపల్లికి చెందిన చందాల కేశవదాసు గారు. ఆ చిత్రం 1931 సెప్టెంబరులో వచ్చిందని చాలాకాలం అనుకున్నారు. తరవాత పాత కాగితాలు వెతికి, అది విడుదలయింది 1932 ఫిబ్రవరి 6న అని తేల్చారు.

అప్పటికి ఒకరు నటిస్తే మరొకరు పాడే పద్ధతి రాలేదు. నటించేవాళ్ళే, నటిస్తున్న ఆ నిమిషంలోనే పాడాలి. మైకు ఎక్కడో కనిపించకుండా పెడతారు. వాయిద్యాలవాళ్ళు కెమెరా చూపు తగలని చోట కూచుంటారు. డేరాలో గొంతెత్తి పాడడం అలవాటయిన మనిషి ఇక్కడ గొంతు తగ్గించాలి, కెమెరా గీసిన గిరి దాటకూడదు, ఎదురుగా జనం లేకుండా ఏడవాలి. చప్పట్లు వుండవు. బాగా పాడిందో లేదో చెప్పే నేల టికెట్టువాడే లేడు! ఇరవయ్యేళ్ళకు పైగా ఒకలా నేర్చిన విద్యను అలా మార్చుకోవడం చిన్న సంగతి కాదు.

ఈ తిప్పలు మనవాళ్ళకే కాదు. అమెరికాలో టెలివిజను వచ్చిన కొత్తలో, 1950ల నాటి మాట, న్యూయార్కు స్టూడియోల్లో నాటకాలు ఆడుతూ వుండగానే ఇళ్ళల్లో కనిపించేవి. తప్పు పోతే దిద్దుకునే వీలు లేదు. అందుకని రంగస్థలం మీద చెయ్యి తిరిగినవాళ్ళనే పిలిచేవారు. జూలీ హారిస్ అనే నటి అలాంటిది. 1955లో జోన్ ఆఫ్ ఆర్క్ కథతో వచ్చిన "ది లార్క్" నాటకం ఆడి, 1957లో అదే పాత్రను టెలివిజనులో చేసింది. నాటకరంగంలో వాళ్ళిచ్చే పెద్ద బహుమానం టోనీ. నటనకు ఆమెకు అది అయిదుసార్లు వచ్చింది. ఏ ఊళ్ళోనయినా సరే, కొత్త యంత్రం వచ్చినప్పుడు ముందుగా పనికొచ్చింది పాత నాటకాలవాళ్ళే.

కమలాబాయికి ఆ వెంటనే బొంబాయిలో సాగర్ వాళ్ళు తీసిన "పాదుకా పట్టాభిషేకం", "శకుంతల" వచ్చాయి. రెండూ 1932లోవే. మొదటిదానిలో ఆమె సీత, రెండోదానిలో శకుంతల. తరవాత బొంబాయిలో వుండి హిందీ చిత్రాల్లోనూ నటించింది. ఇంట్లో మరాఠీ, రంగం మీద తెలుగు, స్టూడియోలో హిందీ. బడికి పోని మనిషి సంగతి చెబుతున్నాను.

ఇందులో నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ఆ "భక్త ప్రహ్లాద" ఫిలిం ఈనాడు ఎక్కడా లేదు. తెలుగు టాకీలో మొదటి నాయిక ఎలా పాడిందో వినే యోగం మనకు లేకపోయింది. అయితే ఆమెను చూడాలంటే ఒక దారి వుంది. 1951లో వచ్చిన కె. వి. రెడ్డిగారి "పాతాళభైరవి" మీరందరూ చూసేవుంటారు. తోటరాముణ్ణీ చూశాం, మాంత్రికుణ్ణీ చూశాం. తోటరాముడి తల్లి ఎవరు? ఆ కాంతమ్మే మన కమలాబాయి. మా వీధికి మొదటి టీవీ వచ్చిన రోజుల్లో ఇరవైమందిమి ఒక గదిలో కూచుని ఆ సినిమా చూశాం. కొడుకు ఏమయిపోతాడోనని ఆ తల్లి అల్లల్లాడుతుంటే మాలో ఒక్కరమూ ఈమె ఎవరని అడగలేదు. డేరాలో నాయిక తల్లి అయినట్టే సినిమాలోనూ అయింది, ఆ మెట్లు ఎక్కడికి పోతాయి! ఈసారి ఆ చిత్రం వస్తే ఆవిడ మాట పలికే తీరు గమనించండి. నేల టికెట్టులో చిట్టచివరి మనిషికి కూడా అందేలా పలుకుతుంది.

ఇక రెండో ఆవిడ, చిందు ఎల్లమ్మ. ఈమెది మన పాత నిజామాబాదు జిల్లాయే, బోధను దగ్గర అమ్దాపూరు. మాకు బస్సెక్కితే వెళ్ళగలిగినంత దూరం. అయినా ఆమె పేరు నేను మొదటిసారి విన్నది నాకు పిల్లలు పెద్దవాళ్ళయిన తరవాత, పేపర్లో చదివి. నాకు సిగ్గనిపించింది కనుకే మీకు చెబుతున్నాను.

చిందువాళ్ళు మాదిగ కులాన్ని ఆశ్రయించుకుని బతికే కళాకారులు. ఏ మేళం ఏ ఊళ్ళకు పోవాలో వంశపారంపర్యంగా హక్కులు పంచుకునివుంటాయి. ఆ ఊళ్ళలో ఏడాదికోసారి ఆడి, వాళ్ళిచ్చే గింజలో డబ్బులో తీసుకోవాలి. వాళ్ళది యక్షగానం. ఆట, పాట, మాట మూడూ కలిసే వుంటాయి. తేలికపాటి కర్ర చెక్కి, అద్దపుబిళ్ళలు అతికించిన కిరీటాలు, భుజకీర్తులు. అవి కట్టుకుని తిరుగుతుంటే కాగడా వెలుగులో ఎలా వుంటుందో చూడండి! చెంచులక్ష్మి, సారంగధర వంటి కథలు ఆడతారు. జాంబపురాణం తప్పకుండా ఆడాలి. అందులో జాంబవముని ఈ భూమి పుట్టకముందే నేను పుట్టానని, బ్రాహ్మణుడితో వాదానికి దిగుతాడు. కులం ఎక్కడినుంచి వచ్చిందని అడుగుతాడు. మా అమ్మమ్మ తలుపు గడియ వెయ్యడానికి అసలు కారణం అదేనేమోనని ఇప్పుడు అనుకుంటాను. రాత్రిపూట నిద్ర చెడుతుందని మాత్రం కాదు.

చిందులో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కలిసి ఆడతారు. మగవేషాలు కూడా ఆడవాళ్ళు కట్టవచ్చు. ఎల్లమ్మ చిన్ననాడే గజ్జె కట్టి, ఆడవేషాలూ మగవేషాలూ రెండూ వేసి, ముసలితనం దాకా ఆట మానలేదు. చదువు లేదు. రాత్రంతా ఆడే పాటలూ మాటలూ అన్నీ నోటికే. ఒక యక్షగానం నోటికి రావడమంటే ఎంతో ఊహించండి. మనం పెళ్ళిపాట రెండు చరణాలు దాటితే పుస్తకం తెమ్మంటాం. వయసు మీరాక రాష్ట్రప్రభుత్వం ఆమెకు హంస పురస్కారం ఇచ్చింది. 2005లో కన్నుమూసింది.

ఇద్దరి పనీ ఒక్కటే. పుట్టిన కులం, పెరిగిన మేళం నేర్పిన విద్య. గొంతు బాగున్నంతకాలం కాదు, ఒంట్లో ఊపిరి వున్నంతకాలం చాకిరీ. ఒకామె ముందు కెమెరా పెట్టారు. రెండో ఆమె ముందు చాలాకాలం ఎవరూ ఏమీ పెట్టలేదు, రోజుకు చాలినంత గింజ తప్ప. ఒకరి కళను టికెట్టు కొని చూశాం. రెండోవారి కళను డబ్బడగకుండా మన ఊరికే తెచ్చి ఆడితే తలుపేసుకున్నాం.

ఇప్పుడు గుర్తింపు రావడం లేదా అంటే వస్తూనే వుంది. సురభి నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన 2022లో పోయారు. జనగామ జిల్లా చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. సంతోషం. స్థానం వారిదీ కలిపితే నేను ఈవేళ చెప్పిన పద్మశ్రీలు మూడు. మూడూ మగవారివే. వారు అర్హులు కారని ఎవరంటారు? ఊరికే లెక్క చెప్పాను.

మా కామారెడ్డి తగువు ఏమయిందని మీకు వుంటుంది. మర్నాడు పొద్దున్న నేను ఆ పెద్దావిడ పక్కన కూచుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఈ సంగతులన్నీ చెప్పాను. పాతాళభైరవిలో తల్లి సంగతి చెప్పినప్పుడు, "గామెనా!" అని చెయ్యి ఆపింది. చిందు మాట ఎత్తినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. చాలాసేపటికి, "రిహార్సలు చీకటి పడ్డంక అయితే ఎవరు తోల్కొస్తరు?" అని అడిగింది. అది అడగవలసిన ప్రశ్నే. పిల్ల తండ్రి స్కూటరు మీద తీసుకొస్తానన్నాడు. నాటకం వచ్చే నెల. ఆవిడ చూడడానికి వస్తానని మాత్రం ఇంకా అనలేదు.

మా అమ్మ పోయే ముందు ఏడాది నేను ఎల్లారెడ్డి రాత్రుల సంగతి అడిగాను. "అమ్మమ్మ గడియ పెట్టి మమ్మల్ని పడుకోబెట్టేది గదా, మరి మీరంతా ఏం చేసేవారమ్మా?" అన్నాను. అమ్మ కొంచెంసేపు నవ్వింది. "మీరు పన్నంక మేమిద్దరం వెనక అర్రల కిటికి తెరుసుకొని కూసునేది" అంది. "తెల్లారేదాంక వింటుంటిమి. మీ అమ్మమ్మకు సగం పాటలు వస్తుండె."